సైకోసిస్ మొదటి ఏడాది: ఆత్మహత్య ముప్పును ఇంట్లోవాళ్లు ఎలా పసిగట్టాలి, ఏం చేయాలి

ఇంట్లో ఒకరికి కొత్తగా సైకోసిస్, అంటే ఏది నిజమో ఏది కాదో తేడా తెలియని మానసిక స్థితి, వస్తే అందరి చూపూ పైకి కనిపించే లక్షణాల మీదే ఉంటుంది. ఎవరూ లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయంటాడు. ఎవరో వెంటాడుతున్నారంటాడు. రాత్రంతా మేలుకునే ఉంటాడు. కొన్ని వారాలు మందులు పడ్డాక ఆ గొడవ సద్దుమణుగుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుని, ఇన్నాళ్లూ పక్కన పెట్టిన పనుల్లో పడిపోతారు. సరిగ్గా ఆ సమయంలోనే గట్టిగా కనిపెట్టుకుని ఉండాలని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వీలుగా ఉంటుందని "తమ్ముడు" అని రాస్తున్నాను. మీ ఇంట్లో చెల్లెలు కావచ్చు, కూతురు కావచ్చు, భర్త కావచ్చు. చేయాల్సిన పనులు అవే.

ఇప్పటికే భయంగా ఉంటే ముందు ఇది చదవండి

తను చచ్చిపోతానంటున్నా, ఎలా చేసుకోవాలో అనుకుని పెట్టుకున్నాడని తెలిసినా, ఇప్పటికే హాని చేసుకున్నా మిగతా వ్యాసం తర్వాత చదవచ్చు. ఒంటరిగా వదలకండి. హాని చేసుకోవడానికి పనికొచ్చేవి ఏవైనా దగ్గర్లో ఉంటే తీసేయండి. అత్యవసర విభాగం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి, లేదా అంబులెన్స్ పిలవండి. భారత్‌లో అత్యవసర సహాయానికి 112, మానసిక ఆరోగ్య సలహాకు టెలిమానస్ 14416. అమెరికా, కెనడాల్లో 988. వేరే దేశంలో ఉంటే అక్కడి ఎమర్జెన్సీ నంబర్. ఇది చదువుతున్నది జబ్బు వచ్చినవారే అయితే, ఆ ఆలోచన వస్తోందని ఈ రోజే ఒక్కరికైనా చెప్పండి. వివరంగా చెప్పలేకపోతే "నాకు భయంగా ఉంది, పక్కన ఉండు" అన్నా చాలు.

మొదటి అడుగు: ముప్పు ఎప్పుడు పెరుగుతుందో తెలుసుకోండి

సైకోసిస్ కనిపించే ప్రధానమైన జబ్బుల్లో ఒకటి స్కిజోఫ్రీనియా. అది ఉన్నవాళ్లలో పది శాతం మంది ఆత్మహత్యతో చనిపోతారని పాత పుస్తకాల్లో ఉండేది. 2005లో పాత అధ్యయనాలను తిరిగి లెక్కగట్టిన ఒక సమీక్షలో అది దాదాపు 5 శాతం అని తేలింది. అంటే ఎక్కువమంది ఈ ముప్పు దాటుకుని బతుకుతున్నారు. అదే సమీక్షలో ఇంకో విషయం కూడా బయటపడింది. ఆ మరణాలు ఎక్కువగా జబ్బు మొదలైన కొత్తలోనే జరుగుతున్నాయి. కాబట్టి జాగ్రత్త జీవితాంతం ఒకే స్థాయిలో ఉండనక్కర్లేదు. మొదటి ఏడాది మాత్రం గట్టిగా ఉండాలి.

ఆ ఏడాదిలోనూ కొన్ని రోజులు మరీ ప్రమాదం. ఒకటి, చికిత్స ఇంకా మొదలుకాని కాలం. మొదటిసారి డాక్టర్ దగ్గరికి వచ్చేసరికే ఐదారుగురిలో ఒకరు ఏదో ఒక రకంగా తమకు తాము హాని చేసుకుని ఉంటారని వేర్వేరు అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. నార్వేలోని రొగలాండ్ ప్రాంతంలో సైకోసిస్ లక్షణాల గురించి జనానికి, స్కూళ్లకు విస్తృతంగా చెప్పి, అనుమానం వచ్చినవాళ్లను వెంటనే చూసే బృందాలను పెట్టారు. అక్కడ చికిత్సకు వచ్చేనాటికి ఆత్మహత్య ఆలోచనలు, ప్రయత్నాలు ఉన్నవాళ్లు మిగతా ప్రాంతాలకంటే తక్కువగా కనిపించారు. "పరీక్షలయ్యాక చూపిద్దాం", "నలుగురికీ తెలిస్తే ఎలా" అని వారాలు గడిపేయడం మంచిది కాదు.

రెండోది, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అయిన తర్వాతి రోజులు. మొదటి వారం, మొదటి నెల మరీ ముఖ్యం.

మూడోది అన్నిటికంటే కనిపెట్టడం కష్టం. జబ్బు తగ్గి, తనకేం జరిగిందో తనకు అర్థమయ్యే సమయం అది. "నేను అందరి ముందూ అలా ప్రవర్తించానా? ఇక ఈ మందులతోనే బతకాలా? నా చదువు, ఉద్యోగం, పెళ్లి ఏమవుతాయి?" అని ఆలోచించడం మొదలవుతుంది. జబ్బును ఒప్పుకున్నాడని, మందులు వేసుకుంటున్నాడని మనం సంతోషిస్తాం. నిజంగా అది మంచిదే. కానీ ఆ తెలివిడితోపాటే కుంగుబాటు కూడా వస్తుంది. బాగా చదివి, తన మీద తాను పెద్ద ఆశలు పెట్టుకున్నవాళ్లకు ఈ దెబ్బ మరీ గట్టిగా తగులుతుంది. "తెలివైనవాడు, సర్దుకుంటాడులే" అనే మాటను నేను నమ్మను.

రెండో అడుగు: వేటిని గమనించాలి

గొంతులు వినిపించడమే ఆత్మహత్యకు దారి తీస్తుందని చాలామంది అనుకుంటారు. పరిశోధనల్లో అంతకంటే గట్టిగా పైకి తేలినవి వేరే ఉన్నాయి. డిప్రెషన్, ఇదివరకు చేసిన ప్రయత్నం, గంజాయి, మద్యం లాంటి అలవాట్లు, స్థిమితం లేకపోవడం, "నా మతి పూర్తిగా పోతుందేమో" అనే భయం, మందులు సరిగా వేసుకోకపోవడం, ఈమధ్యే ఎవరినో లేదా దేన్నో పోగొట్టుకోవడం. వీటిలో ఇదివరకటి ప్రయత్నాన్ని ఎప్పుడూ తేలిగ్గా తీసుకోకండి. "ఊరికే బెదిరించాడు" అని ఎవరన్నా సరే.

డిప్రెషన్‌ను గుర్తుపట్టడంలోనే పెద్ద చిక్కు ఉంది. సైకోసిస్‌లో మొహంలో భావం తగ్గడం, మాట తగ్గడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఎలాగూ ఉంటాయి. మందుల వల్ల మత్తు, నెమ్మది కూడా ఉంటాయి. మూడూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న తమ్ముణ్ణి చూస్తే మందు మత్తో, జబ్బో, దుఃఖమో చెప్పలేం. అడగాల్సిందే. ఏమీ అనిపించట్లేదని, ఖాళీగా ఉందని అంటే అది జబ్బు లక్షణం కావచ్చు. "అంతా నా తప్పే, ఇక ఏదీ బాగుపడదు, పొద్దున్నే లేవాలంటే భయం" అంటే డిప్రెషన్‌ను గట్టిగా అనుమానించాలి. ఈ తేడా కోసమే 1990లో కెనడాలో కాల్గరీ డిప్రెషన్ స్కేల్ అనే 9 అంశాల ప్రశ్నావళి తయారుచేశారు. డాక్టర్‌ను దాని గురించి అడగవచ్చు.

ఇక స్థిమితం లేకపోవడం. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో దీన్ని పట్టుకోగలిగేది మీరే. సైకోసిస్ మందులు మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనో, డోసు పెంచాకో కొందరికి అకతీసియా అనే ఇబ్బంది వస్తుంది. కుర్చీలో కూర్చుంటాడు, రెండు నిమిషాల్లో లేస్తాడు. నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మారుస్తూ ఉంటాడు. తినేటప్పుడు బల్ల కింద మోకాళ్లు ఆడుతూనే ఉంటాయి. రాత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటాడు. అడిగితే "లోపల ఏదో తరుముతున్నట్టుంది, ఒక్కచోట ఉండలేకపోతున్నా" అంటాడు. ఈ బాధ భరించలేక చచ్చిపోవాలనిపించేవాళ్లు ఉన్నారు. దీన్ని జబ్బు ముదిరిందనుకుని డోసు ఇంకా పెంచితే మరింత ఎక్కువవుతుంది. ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏ మందు మారింది అన్నది రాసుకుని ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేయండి. డోసు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనొలాల్ లాంటిది జతచేయడం వంటి దారులున్నాయి. మీ అంతట మీరు మందు ఆపేయకండి.

నిద్ర పూర్తిగా చెడిపోవడం, ఇష్టమైన వస్తువులు పంచేయడం, వీడ్కోలులా వినిపించే మెసేజ్‌లు, చాలా రోజుల ఆందోళన తర్వాత ఉన్నట్టుండి వచ్చిన ప్రశాంతత. వీటిలో ఏది కనిపించినా అడిగే పని రేపటికి వాయిదా వేయవద్దు.

మూడో అడుగు: నేరుగా అడగండి

అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని భయపడతారు. అలా జరగదు. ఆత్మహత్య గురించి అడగడం వల్ల ఆ ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతున్నాయి. చాలామందికి ఎవరో ఒకరు అడిగారన్న ఊరట ఉంటుంది.

టీవీ ఆపేసి, ఇద్దరే ఉన్నప్పుడు, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చుని మాట్లాడండి. నడుస్తూ మాట్లాడితే ఇంకా తేలిక. ఒక అక్క, తమ్ముడి మధ్య మాటలు ఇలా సాగవచ్చు:

"నేను లేకపోతే అందరికీ సుఖం అన్నావు కదా నిన్న. ఆ మాట నా బుర్రలోంచి పోవట్లేదురా. చచ్చిపోవాలనిపిస్తోందా?"

"అదేం లేదక్కా."

"లేదంటే సరే. ఉన్నా నేను అరవను, గొడవ చేయను. ఎప్పుడైనా అనిపించిందా?"

కాసేపు మాట లేదు. "అప్పుడప్పుడు."

"ఎలా చేసుకోవాలని కూడా అనుకున్నావా?"

"అనుకున్నా. కానీ చేసుకోను."

"చెప్పి మంచిపని చేశావు. నీకు వినిపించే మాటలు ఉన్నాయి కదా, అవి కూడా ఆ మాటే అంటున్నాయా?"

"రాత్రిళ్లు అంటాయి."

"మరి వాటి మాట వినకుండా ఎలా ఆపుకుంటున్నావు?"

"హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటా. పని చేయకపోతే లైటు వేసుకుని కూర్చుంటా."

ఇందులో అక్క "అలాంటి పిచ్చి ఆలోచనలు లేవు కదా?" అని అడగలేదు. అలా అడిగితే వచ్చే జవాబు లేదనే. మొదటి "అదేం లేదక్కా" దగ్గర ఆగిపోలేదు. గొంతులు నిజమా కాదా అని వాదించలేదు. అవేం చెబుతున్నాయో, తను ఎలా తట్టుకుంటున్నాడో అడిగింది. చచ్చిపొమ్మని ఆదేశించే గొంతులుంటే ఈ ప్రశ్న తప్పకుండా అడగాలి. గొంతు చెప్పింది చేయక తప్పదని తను నమ్ముతుంటే ప్రమాదం ఎక్కువ.

ఎవరికీ చెప్పనని మాత్రం మాటివ్వకండి. "ఇది నా ఒక్కదాని దగ్గరే ఉంచుకోలేనురా. డాక్టర్‌గారికి చెబుదాం, నువ్వు పక్కనే ఉండు, నీ మాటల్లోనే చెప్పు" అంటే నమ్మకం చెడదు. "అమ్మ గురించి ఆలోచించలేదా?" లాంటి మాటలు పనికిరావు. తను ఇప్పటికే అందరికీ భారమయ్యానన్న సిగ్గులో ఉన్నాడు.

నాలుగో అడుగు: జవాబును బట్టి ఎంత వేగంగా కదలాలి

పడుకుంటే మళ్లీ లేవకపోతే బాగుండు అనిపిస్తోంది, కానీ ఏమీ చేసుకోవాలని లేదు అంటే రెండు మూడు రోజుల్లో డాక్టర్‌ను కలవండి. ఈలోపు రోజూ అడుగుతూ ఉండండి. ఎలా అన్నది కూడా ఆలోచించాడంటే అదే రోజు డాక్టర్‌తో మాట్లాడండి. పథకం, సమయం, ఉద్దేశం ఉన్నా, గొంతుల ఆదేశం తప్పదంటున్నా, మద్యం లేదా డ్రగ్స్ మత్తులో ఉన్నా నేరుగా ఆసుపత్రికి. ఈ మెట్లు లెక్కలు కట్టే యంత్రం లాంటివేం కావు. ఆలోచనలు గంటగంటకూ మారతాయి. మీ మనసు కీడు శంకిస్తుంటే ఒక మెట్టు పైన ఉన్నట్టే నడుచుకోండి. అనవసరంగా ఆసుపత్రికి వెళ్లొచ్చినా పోయేదేమీ లేదు.

ఐదో అడుగు: ఇంటిని సురక్షితం చేయండి

ఆత్మహత్య తలంపు ఉధృతంగా ఉండే సమయం చాలాసార్లు కొద్దిసేపే. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. ఇంట్లో అందరి మందులూ, తన మందులతో సహా, తాళం వేసి ఒకరి దగ్గర ఉంచండి. ఒకేసారి నెలకు కాకుండా వారానికి సరిపడా ఇవ్వమని డాక్టర్‌ను అడగండి. పురుగుమందులు, ఆయుధాలు ఉంటే ఇంట్లోంచే పంపించేయండి, దాచిపెట్టడం సరిపోదు. ఈ పని తనకు తెలియకుండా దొంగచాటుగా చేస్తే అసలే ఉన్న అనుమానాలు పెరుగుతాయి. "కొన్నాళ్లు ఇవి వేరేచోట ఉంటాయి, నువ్వు కుదుటపడ్డాక మళ్లీ చూద్దాం" అని చెప్పే చేయండి.

ఆరో అడుగు: సేఫ్టీ ప్లాన్ రాయండి

ఆత్మహత్య ఆలోచన ముదిరినప్పుడు ఏ వరుసలో ఏం చేయాలో, ఎవరిని పిలవాలో ముందే రాసిపెట్టుకునే కాగితమే సేఫ్టీ ప్లాన్. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే సైకాలజిస్టులు తయారుచేసిన పద్ధతి ఇది. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ఈ ప్లాన్ రాయించి, తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంటే ఆత్మహత్య ప్రయత్నాల్లాంటివి ఆరు నెలల్లో దాదాపు సగానికి తగ్గాయని 2018లో వచ్చిన అధ్యయనం చెప్పింది. ఇక మీదట చేసుకోనని ఒట్టు వేయించుకోవడం, సంతకం పెట్టించుకోవడం దీనికి సాటి రావు. వాటితో ఇంట్లోవాళ్ల టెన్షన్ తగ్గుతుందేమో గానీ ఆ రాత్రి ఏం చేయాలో తనకు తెలియదు.

తన మాటల్లో, తన చేతిరాతతో, ఒక్క కాగితం మీద. పైన చూసిన తమ్ముడి కాగితం ఇలా ఉండవచ్చు:

"గుర్తులు: రెండు రాత్రులు నిద్ర లేకపోతే. గొంతులు పేరు పెట్టి పిలిస్తే. ఫోన్ స్విచాఫ్ చేయాలనిపిస్తే.
నేనొక్కణ్ణే చేసేవి: హెడ్‌ఫోన్స్. చల్లనీళ్లతో మొహం కడుక్కోవడం. లైటు వేసుకుని కూర్చోవడం.
మనసు మళ్లడానికి: మేడ దిగి హాల్లోకి రావడం, నాన్న పక్కన మ్యాచ్ చూడటం.
చెప్పాల్సినవాళ్లు: అక్క, ఏ టైమైనా. అక్క ఎత్తకపోతే బావ.
డాక్టర్, హెల్ప్‌లైన్, ఆసుపత్రి: నంబర్లు.
మందులు: అక్క దగ్గర."

"ధ్యానం చేస్తాను, పాజిటివ్‌గా ఆలోచిస్తాను" లాంటివి తను ఇంతకుముందు ఎప్పుడూ చేయకపోతే రాయించకండి. అర్ధరాత్రి రెండింటికి నిజంగా చేయగలిగినవే ఉండాలి. కాగితాన్ని ఫోటో తీసి ఫోన్‌లో కూడా ఉంచండి.

ఏడో అడుగు: డాక్టర్‌కు చెప్పాల్సినవి, అడగాల్సినవి

ఐదు పది నిమిషాలే దొరుకుతాయి కాబట్టి ముందే రాసుకుని వెళ్లండి. ఆత్మహత్య మాటను చివర్లో గుమ్మం దగ్గర చెప్పకండి, మొదటి వాక్యంగా చెప్పండి. ఎన్ని మాత్రలు మానేశాడో నిజం చెప్పండి. తర్వాత ఇవి అడగండి: డిప్రెషన్ ఉందా, దానికి విడిగా చికిత్స కావాలా? ఈ కదలికలు అకతీసియానా? మాటలతో చేసే థెరపీ, కుటుంబానికి కౌన్సెలింగ్ దొరుకుతాయా? సైకోసిస్ మొదటి దశ కోసం ప్రత్యేకంగా పనిచేసే ఎర్లీ ఇంటర్వెన్షన్ బృందం అందుబాటులో ఉంటే అక్కడికి పంపమనండి.

ఆత్మహత్య ఆలోచనలు వదలకుండా ఉంటే క్లోజపైన్ అనే సైకోసిస్ మందు గురించి కూడా అడగవచ్చు. 980 మందితో రెండేళ్లు సాగి 2003లో ప్రచురితమైన అధ్యయనంలో, ఓలాంజపైన్ అనే ఇంకో సైకోసిస్ మందుతో పోలిస్తే క్లోజపైన్ వాడినవాళ్లలో ఆత్మహత్య ప్రయత్నాలు తక్కువగా కనిపించాయి. సాధారణంగా మొదటి మందుగా ఇవ్వరు. తెల్లరక్తకణాలు పడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి, ముఖ్యంగా మొదట్లో, తరచూ రక్తపరీక్షలు చేయించుకోవాలి. అయినా అవసరమైనవారికి దీన్ని మరీ ఆలస్యంగా ఇస్తున్నారన్నది నా అభిప్రాయం.

వయసొచ్చిన మనిషి వివరాలు డాక్టర్ మీకు చెప్పకపోవచ్చు. కానీ మీరు చెప్పేది వినడానికి ఏ అడ్డూ లేదు.

ఎనిమిదో అడుగు: డిశ్చార్జ్ తర్వాత

తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ, టైము చేతిలో లేకుండా ఆసుపత్రి గడప దాటకండి. అది వారం లోపు ఉండాలి. మొదటి కొన్ని రాత్రులు అదే గదిలో కాకపోయినా పక్క గదిలో ఎవరో ఒకరు పడుకోండి. ప్రతి రోజూ ఒకే సమయంలో ఒకే చిన్న ప్రశ్న: "ఇవాళ ఆ ఆలోచన వచ్చిందా? పదిలో ఎంత?" మొదట చిరాకు పడతాడు, తర్వాత అలవాటవుతుంది. బంధువుల పరామర్శలను కొన్నాళ్లు ఆపండి. ఏం జరిగిందో ఎవరికి ఎంత చెప్పాలో తననే నిర్ణయించుకోనివ్వండి.

తొమ్మిదో అడుగు: "నా జీవితం అయిపోయింది" అన్నప్పుడు

ఏమీ కాలేదని కొట్టిపారేయకండి. తనకు జరిగింది పెద్ద విషయమే. "అవును, ఇది కష్టమే. కానీ మొదటిసారి వచ్చిన సైకోసిస్‌లో చాలామందికి మందులతో లక్షణాలు బాగా తగ్గుతాయి. నీకు ఇప్పుడున్న ఈ నీరసం, మందకొడితనం ఇలాగే ఉండిపోవాలని లేదు" అని చెప్పవచ్చు, అది నిజం కూడా. అంతకంటే ఎక్కువ పనిచేసేది ఇదే జబ్బు దాటి చదువుకో, పనికో తిరిగి వెళ్లిన మనిషితో ఒక గంట కూర్చోవడం. అలాంటివారిని పరిచయం చేయగలరేమో ఆసుపత్రి వాళ్లను అడగండి.

పాత కోర్సులోకి ఒక్కసారిగా దూకనివ్వకండి, పూర్తిగా మానిపించకండి. ఒక సబ్జెక్టు, రోజుకు కొన్ని గంటల పని, అంతే. ఫెయిలైతే నిస్పృహ రెట్టింపవుతుంది, ఖాళీగా ఉంటే అదే పెరుగుతుంది. ఇంట్లో "పిచ్చి" అనే మాట సరదాకైనా వాడకండి.

మీ సంగతి

ఒక్కరే కాపలా కాస్తే నెల తిరక్కుండానే మీరు పడిపోతారు. రాత్రులు పంచుకోండి. కసురుకోవడం, ప్రతి కదలికనూ వెంటాడటం పెరిగిందంటే మీకు విశ్రాంతి కావాలని అర్థం.

ముప్పు తగ్గిందని డాక్టర్ అన్నాక కూడా సేఫ్టీ ప్లాన్ కాగితాన్ని పారేయకండి. మందు మారినా, డోసు తగ్గించినా, జబ్బు తిరగబెట్టినా, పరీక్షల్లోనో ప్రేమలోనో ఎదురుదెబ్బ తగిలినా దాన్ని బయటికి తీసి, ఇద్దరూ కలిసి చదివి, అందులో ఉన్న ఫోన్ నంబర్లు ఇంకా పనిచేస్తున్నాయో లేదో ఒకసారి చూడండి.